నడిగూడెం నుంచి బెజవాడకు: ఒక జెండా మారిన దారి

భారత జాతీయ కాంగ్రెస్ 1885లో పుట్టింది. ఆ తర్వాత 35 ఏళ్లు గడిచినా దానికి సొంత జెండా లేదు. తొలినాళ్ల మహాసభలు విక్టోరియా రాణికి జేజేలు పలికి ముగిసేవి. వేదికల దగ్గర ఎగిరేది యూనియన్ జాక్. అర్జీలు పెట్టుకునే సంస్థకు వేరే జెండా అవసరమన్న ఆలోచనే చాలామందికి రాలేదు. స్వరాజ్యం కావాలని గట్టిగా అడగడం మొదలయ్యాకే గుర్తు సంగతి ముందుకొచ్చింది. 1921లో ఒక జెండా తయారైంది. 1931లో దాని రంగులు, వాటి వరుస, అర్థం మారాయి. 1947లో అందులోని బొమ్మ మారి అది దేశానికి జెండా అయింది. ఈ మార్పుల వెనక ఒక పత్తి పరిశోధకుడు, జలంధర్ పెద్దమనిషి ఒకరు, గాంధీ, ఇద్దరు బందరు వాళ్లు, ఒక సిక్కు నాయకుడు, పేరు తెలియని వందలాది కార్యకర్తలు ఉన్నారు. ఆ పత్తి పరిశోధకుడు జెండా గురించి తలపోసిన చోట్లలో ఒకటి ఇప్పటి సూర్యాపేట జిల్లాలోని నడిగూడెం.

నడిగూడెం కోదాడకు దగ్గరే. కానీ వంద ఏళ్ల కిందట ఈ రెండు ఊళ్లూ వేర్వేరు రాజ్యాల్లో ఉండేవి. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ నిజాం రాజ్యంలో ఉన్న నల్గొండ జిల్లావి. నడిగూడెం ఉన్న మునగాల పరగణా మాత్రం ఇంగ్లీషు వాళ్ల కింద, మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో భాగం. నాలుగు వైపులా నిజాం ఊళ్లే. మధ్యలో దీవిలా ఈ జమీందారీ. జమీందారు నివాసం నడిగూడెం కోట. పొలం గట్టు దాటితే చట్టం మారిపోయేది, నాణెం మారిపోయేది, కచ్చేరీ భాష మారిపోయేది. నిజాం వైపు గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు అమల్లోకి వచ్చాక అనుమతి లేకుండా సభ పెట్టడమే నేరమైంది. పరగణా వైపు పత్రికలు వచ్చేవి, కాంగ్రెస్ మహాసభలకు మనుషులు వెళ్లి వచ్చేవారు. పటంలో కొంత వింతగా కనిపించే ఈ ఏర్పాటే నడిగూడేనికి దాని స్థాయికి మించిన చరిత్ర ఇచ్చింది.

అప్పటి జమీందారు రాజా నాయని వెంకటరంగారావు. తెలుగు గ్రంథాలయోద్యమ చరిత్రలో ఆయన పేరు తప్పక వస్తుంది. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఏర్పడటానికి, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టడానికి ఆయన అండ ఉంది. చరిత్రకారుడు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు ఆయన సంస్థానంలోనే దివానుగా పనిచేశారు. తెలుగులో విజ్ఞాన సర్వస్వం తీసుకురావాలని తలపెట్టిన మనిషి పరగణా లెక్కలు చూస్తూ బతికారన్నమాట. దీనికి మరో వైపు కూడా ఉంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. ఇదే పరగణాలో 1930ల చివర రైతులు వెట్టి మీద, జమీందారీ వసూళ్ల మీద పెద్ద ఉద్యమం నడిపారు. పుస్తకాలకు డబ్బిచ్చిన ఖజానాయే ఆ వసూళ్లతోనూ నిండింది.

పింగళి వెంకయ్య ఈ కోటకు చేరింది పత్తి మీద ఆసక్తితో. ఆయన 1876లో కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టారు. కొందరు 1878 అంటారు. చిన్న వయసులోనే సైన్యంలో చేరి బోయరు యుద్ధానికి దక్షిణాఫ్రికా వెళ్లారు. గాంధీతో పరిచయం అక్కడే అయింది. తిరిగొచ్చాక రైల్వేలో గార్డుగా, ప్లేగు నివారణ శాఖలో ఉద్యోగిగా పనిచేశారు. లాహోరు వెళ్లి ఉర్దూ, జపనీసు నేర్చుకున్నారు. ఒక చోట నిలకడగా ఉండే మనిషి కాదు. పట్టుకున్న పని అంతు చూడకుండా వదిలే మనిషీ కాదు. జపనీసు వచ్చినందుకు జనం జపాన్ వెంకయ్య అన్నారు. మునగాల పరగణాలో కంబోడియా పత్తి మీద పరిశోధనలు చేసినందుకు పత్తి వెంకయ్య అన్నారు. తర్వాతి కాలంలో ఖనిజాల వెంట పడి డైమండ్ వెంకయ్య అయ్యారు. జెండా వెంకయ్య ఆయనకున్న చాలా పేర్లలో ఒకటి. చివరికి నిలిచింది అదే.

కంబోడియా పత్తి పొడవు పింజ రకం. నాటు రకాల పొట్టి పింజతో సన్నని నూలు రాదు. మిల్లు బట్టతో పోటీ పడాలంటే, స్వదేశీ ఉద్యమం మాటలతో ఆగిపోకూడదంటే, ముందు చేలో మంచి పత్తి పండాలి. బెంగాలు విభజన తర్వాత స్వదేశీ గాలి బలంగా వీస్తున్న రోజుల్లో వెంకయ్య ఈ పని మీద కూర్చున్నారు. ఇది ఆయన జీవితంలో పక్కదారేమీ కాదు. తర్వాత జెండాలోకి రాట్నం వచ్చింది. రాట్నానికి ఏకు కావాలి, ఏకుకు పత్తి కావాలి. ఆ వరుసలో మొదటి మెట్టు దగ్గర పనిచేసిన మనిషే జెండా గీయించాడు. జెండా చరిత్రలు రాసేవాళ్లు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు.

జెండా ఆలోచన ఆయనకు ఎప్పుడు కలిగిందన్న దానికి తెలుగులో రెండు కథలున్నాయి. దక్షిణాఫ్రికాలో ఇంగ్లీషు జెండాకు వందనం చేయాల్సి రావడం మనసును గుచ్చిందని ఒకటి. 1906లో దాదాభాయి నౌరోజీ అధ్యక్షతన కలకత్తాలో జరిగిన మహాసభలో యూనియన్ జాక్‌ను చూసి బాధపడ్డారని రెండోది. రెండూ నిజం కావచ్చు. ఆ కాలంలో ఈ బాధ ఆయన ఒక్కరిదే కాదని మాత్రం ఖాయంగా చెప్పవచ్చు. 1906 ఆగస్టు 7న కలకత్తా పార్సీబగాన్ చౌరస్తాలో వందేమాతరం అక్షరాలతో ఒక జెండా ఎగిరింది. 1907 ఆగస్టులో జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో సోషలిస్టుల సభ ముందు మేడం కామా మరొకటి విప్పింది. సోదరి నివేదిత వజ్రాయుధం గుర్తుతో ఒకటి కుట్టించింది. 1917లో అనిబిసెంట్, తిలక్‌ల హోంరూల్ లీగు అయిదు ఎర్ర చారలు, నాలుగు పచ్చ చారలు, సప్తర్షుల చుక్కలు ఉన్న జెండా పెట్టుకుంది. దాని మూలన యూనియన్ జాక్ కూడా ఉంది. సామ్రాజ్యం లోపలే స్వపరిపాలన అడుగుతున్నారు కాబట్టి అది సబబే. కానీ ఆ మూల వల్లే జనం దాన్ని తమదిగా తీసుకోలేకపోయారు.

ఈ జెండాలన్నీ ఎవరో ఒకరు, లేదా ఒక చిన్న బృందం తయారుచేసి జనానికి చూపించినవి. వెంకయ్య పద్ధతి వేరు. ఆయన దేశదేశాల జెండాలు సేకరించి, వాటి రంగులు, గుర్తులు, వాటి వెనకున్న కథలు పరిశీలించి 1916లో ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం వేశారు. అందులో భారతదేశానికి పనికొస్తాయని తాను అనుకున్న నమూనాలు 30 దాకా ఇచ్చారు. ఇదే కావాలని పట్టుబట్టలేదు. నచ్చింది తీసుకోండి, లేదంటే మార్చుకోండి అన్నట్టుంది ఆ పద్ధతి. ఆ తర్వాత కాంగ్రెస్ సభ ఎక్కడ జరిగితే అక్కడికి వెళ్లి జెండా ఊసెత్తడం ఆయనకు అలవాటైంది. అప్పటికి ఆయన బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో అధ్యాపకులు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య పెట్టిన కళాశాల అది. ఈ ముగ్గురిలో ఒకరు 1931లో ఇదే జెండాను మార్చే కమిటీకి కన్వీనరు కాబోతున్నారు.

నడిగూడెం కోటలోనే జాతీయ జెండా రూపు దిద్దుకుందని ఈ ప్రాంతంలో గట్టిగా నమ్ముతారు. గాంధీ రాతలను బట్టి చూస్తే కాంగ్రెస్ చేతికందిన జెండా గీసింది బెజవాడలో. నడిగూడెం వంతు అంతకు ముందుది. పత్తి చేల మధ్య గడిచిన సంవత్సరాలు, కోటలోని చదువూ చర్చల వాతావరణం, స్వదేశీ తలపులు, అక్కడి నుంచి సభలకు రాకపోకలు, వీటి మధ్యే జెండా ఆయనకు పట్టిన పిచ్చిగా మారింది. గుడ్డ మీద తొలి గీత ఎక్కడ పడిందన్న దాని కంటే ఇది చిన్న విషయం కాదు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. సహాయ నిరాకరణ ఊపులో ఉంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని, కోటి మంది సభ్యులను చేర్చాలని, 20 లక్షల రాట్నాలు ఇళ్లలో తిరిగేలా చూడాలని, ఇదంతా జూన్ 30లోపు కావాలని అక్కడే తీర్మానించారు. అంత పెద్ద జనాన్ని కదిలించే కార్యక్రమానికి ఒక గుర్తు కావాలి. ఆ రెండు రోజుల్లో బెజవాడలో జరిగింది గాంధీ ఏప్రిల్ 13న యంగ్ ఇండియా పత్రికలో తానే రాశారు. అందుకే ఈ ఘట్టంలో ఊహాగానానికి చోటు తక్కువ.

గాంధీ రాసిన దాని సారాంశం ఇది. బందరు జాతీయ కళాశాలకు చెందిన వెంకయ్య ఇతర దేశాల జెండాల గురించి చెబుతూ, మన జెండాకు నమూనాలు ఇస్తూ ఒక పుస్తకం వేశారు. ఆయన పట్టుదల మెచ్చుకోదగినదే గానీ ఆ నమూనాల్లో దేశం గుండెను కదిలించేది ఏదీ కనబడలేదు. రాట్నం ఉండాలని సూచించింది జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్. ఆ సూచన గాంధీకి నచ్చింది. బెజవాడలో వెంకయ్యను పిలిచి హిందువులకు ఎరుపు, ముస్లింలకు ఆకుపచ్చ నేపథ్యంగా, మీద రాట్నం ఉండేలా గీసివ్వమన్నారు. మూడు గంటల్లో జెండా చేతికొచ్చింది. అయితే కమిటీ ముందు పెట్టడానికి కాస్త ఆలస్యమైంది. అలా ఆలస్యమైనందుకు గాంధీ సంతోషించారు. ఎందుకంటే ఆ వ్యవధిలో ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది. రెండు రంగులైతే మిగిలిన మతాల వాళ్లు ఎక్కడున్నట్టు? వాళ్ల కోసం తెలుపు చేర్చాలి.

తెలుపును ఎక్కడ పెట్టాలన్న దానికీ ఆయన కారణం చెప్పారు. సంఖ్యలో తక్కువైన వాళ్లకు పై స్థానం, అంటే తెలుపు పైన. మధ్యలో ఆకుపచ్చ. అందరికంటే ఎక్కువమంది ఉన్న హిందువుల ఎరుపు అడుగున. బలమున్నవాడు బలహీనుడికి కాపుగా ఉండాలన్నది అందులోని తాత్పర్యం. మూడు చారల వెడల్పు సమానం, ఎవరూ ఎక్కువా తక్కువా కాదని చెప్పడానికి. మూడింటి మీదుగా పరుచుకున్న రాట్నం. జెండా గుడ్డ ఖద్దరే కావాలి. బజారులో దొరికే రంగు గుడ్డతో కుట్టుకుంటే ఆ రాట్నానికి అర్థం ఉండదు.

ఆ మూడు గంటల్లో వెంకయ్య ఒంటరిగా పనిచేయలేదని ఆంధ్రలో చెబుతారు. జాతీయ కళాశాలలో చిత్రలేఖనం నేర్పే ఈరంకి వెంకటశాస్త్రి చేయి కలిపారని, ఆయన గీతతోనే రాట్నం రూపం వచ్చిందని అంటారు. పాత విక్టోరియా జూబ్లీ మ్యూజియం, అంటే ఇప్పటి బాపు మ్యూజియం, ఈ ఘట్టానికి వేదిక అని విజయవాడలో చూపిస్తారు. మొత్తం మీద ఒక జెండాకు పుస్తకం ఒకరిది, గుర్తు ఇంకొకరిది, రంగుల అర్థం మరొకరిది, గీత వేరొకరిది. ఒక్కరి పేరు మీద రాయాలంటే కుదరని పని. అయినా తర్వాతి కాలమంతా ఒక్కరి పేరు కోసమే వాదులాట నడిచింది.

మరో విషయం సాధారణంగా మరుగున పడుతుంది. ఈ జెండాను 1921లో కాంగ్రెస్ ఆమోదిస్తూ తీర్మానమేదీ చేయలేదు. ఆలస్యమైంది కాబట్టి కమిటీ ముందుకే రాలేదు. గాంధీ రాసిన వ్యాసం చూసి జనం కుట్టుకున్నారు, సభల్లో ఎగరేశారు, ఊరేగింపుల్లో మోశారు. 1923లో నాగపూరు జెండా సత్యాగ్రహం దీనికోసమే జరిగింది. సివిల్ లైన్స్ వైపు జెండాతో వెళ్లకూడదని ప్రభుత్వం ఆపింది. వెళ్తామని వాలంటీర్లు దేశం నలుమూలల నుంచి వచ్చి జైళ్లు నింపారు. మొదట జమ్నాలాల్ బజాజ్, ఆయన అరెస్టయ్యాక వల్లభాయ్ పటేల్ నడిపించారు. కమిటీ ఆమోదం లేని గుడ్డ కోసం వందల మంది జైలుకు వెళ్లాక ఇక ఆమోదం సంగతి ఎవరు అడుగుతారు? 1929 డిసెంబరు 31 అర్ధరాత్రి లాహోరులో రావి నది ఒడ్డున నెహ్రూ ఎగరేసింది కూడా తీర్మానం లేని ఈ జెండానే.

జనం మోస్తున్న కొద్దీ దాని లోపాలూ బయటపడ్డాయి. ఒక్కో రంగును ఒక్కో మతానికి కేటాయించాక మిగిలినవాళ్లు మా రంగేది అని అడగక మానరు. సిక్కులు తమ రంగు చేర్చాలని కోరారు. చేర్చకపోతే ఆ జెండా తమది కాదన్నారు. మరికొందరు కాషాయం ఒక్కటే చాలన్నారు, గద గుర్తు కావాలన్నారు. గాంధీ ఇచ్చిన వివరణ ఉదారమైనదే. చిక్కు కూడా ఆ వివరణలోనే ఉంది. మతాల లెక్క చొప్పున రంగులు పంచితే ఆ పంపకానికి అంతుండదు. పైగా ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ కలిస్తే బల్గేరియా, పర్షియా జెండాలను తలపిస్తుందన్న ఇబ్బంది ఒకటి.

1931 మార్చి చివర కరాచీ మహాసభ ముగిశాక, ఏప్రిల్ 2న వర్కింగ్ కమిటీ ఏడుగురితో జెండా కమిటీ వేసింది. పటేల్, నెహ్రూ, మౌలానా ఆజాద్, మాస్టర్ తారాసింగ్, కాకా కలేల్కర్, ఎన్.ఎస్. హార్డీకర్, పట్టాభి సీతారామయ్య. కన్వీనరు పట్టాభి. ఆయన చేసిన మొదటి పని ప్రాంతీయ కాంగ్రెస్ కమిటీలకు ప్రశ్నలు పంపడం. మీ ప్రాంతంలో ఏ వర్గానికైనా ఈ జెండా మీద అభ్యంతరం ఉందా? దీన్ని జనానికి మరింత దగ్గర చేయడానికి మీరిచ్చే సలహా ఏమిటి? ఇప్పుడున్న రూపంలో సరిదిద్దాల్సిన లోపమేదైనా కనిపిస్తోందా? తమ గుర్తు గురించి కాంగ్రెస్ తన కిందివాళ్లను లాంఛనంగా అడగడం ఇదే మొదలు. పదేళ్ల కిందట మూడు గంటల్లో తయారైన దానికి ఇప్పుడు నెలల చర్చ.

జవాబులన్నీ వచ్చాక కమిటీ చేసిన సిఫారసు చాలామంది ఊహించనిది. మూడు రంగులు వద్దు. జెండా మొత్తం ఒకే కాషాయం, పై మూలన రాట్నం. ఒకే రంగుంటే మతాల వాటాల గొడవ ఉండదు, ఇతర దేశాల జెండాలతో కలిసిపోదు, చూడటానికి ప్రత్యేకంగా ఉంటుంది. కాగితం మీద ఈ తర్కానికి వంక పెట్టలేం. సభ్యుల్లో హిందూ, ముస్లిం, సిక్కు నాయకులు ఉన్నారు కూడా. కానీ కాషాయం ఒక్కటే ఉంటే ఆ రంగు ఎవరిదన్న ప్రశ్న ఇంకా గట్టిగా వస్తుందని కమిటీ పట్టించుకున్నట్టు లేదు. జనం పదేళ్లు మోసి, దెబ్బలు తిని, జైలుకెళ్లిన మూడు చారలను చెరిపేస్తే వాళ్లకెలా ఉంటుందన్నదీ పట్టలేదు.

ఆగస్టులో బొంబాయిలో సమావేశమైన వర్కింగ్ కమిటీ, ఏ.ఐ.సి.సి. ఆ సిఫారసును పక్కన పెట్టాయి. అలాగని పాత జెండానూ యథాతథంగా ఉంచలేదు. ఎరుపు స్థానంలో కాషాయం వచ్చి పైకి చేరింది. తెలుపు మధ్యకు దిగింది. ఆకుపచ్చ అడుగున నిలిచింది. తెల్లచార నడుమ నీలిరంగు రాట్నం. పొడవు, వెడల్పు 3:2 నిష్పత్తి. అన్నిటికంటే పెద్ద మార్పు కంటికి కనబడేది కాదు. రంగులకూ మతాలకూ సంబంధం లేదని తీర్మానంలో స్పష్టంగా రాశారు. కాషాయం ధైర్యానికి, త్యాగానికి. తెలుపు శాంతికి, సత్యానికి. ఆకుపచ్చ విశ్వాసానికి, శౌర్యానికి. రాట్నం సామాన్యుల ఆశకు. ఆగస్టు 30న దేశమంతటా జెండా దినం జరిపారు. కమిటీ అందరినీ అడిగింది, జవాబు తప్పు చెప్పింది. పెద్ద సభ ఆ జవాబు దిద్దింది. కమిటీ శ్రమ వృథా అనడానికి లేదు, ఎందుకంటే మత వాటాల చిక్కు అంత స్పష్టంగా కాగితం మీదికి వచ్చాకే ఈ పరిష్కారం దొరికింది.

ఇదే కాలంలో సూర్యాపేట ప్రాంతంలో జెండా కథ మరోలా నడిచింది. నిజాం రాజ్యంలో ఎగిరేది పసుపు పచ్చని ఆసఫ్‌జాహీ జెండా. నడుమ తెల్లని గుండ్రటి కుల్చా రొట్టె గుర్తు. 1938లో ఏర్పడబోతున్న హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్‌ను ప్రభుత్వం పుట్టకముందే నిషేధించింది. ఆ నిషేధం 1946 దాకా సాగింది. ఊళ్లలో జనాన్ని కదిలించింది ఆంధ్ర మహాసభ. 1941లో దాని మహాసభ కోదాడకు దగ్గరలోని చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగింది. 1944లో భువనగిరి సభ తర్వాత సంఘం కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. ఎర్రజెండా పల్లెలకు చేరింది. అలా ఒకే ప్రాంతంలో పసుపు జెండా ప్రభుత్వానిది, ఎర్రజెండా సంఘానిది. త్రివర్ణం మాత్రం పరగణా హద్దు లోపలికి వస్తేనే నేరం కాకుండా ఎగిరేది. నడిగూడెంలో ఉన్నవాడికి ఇంటి ముందు ఎగరేయదగిన జెండా పక్క ఊరి బంధువుకు జైలు తెచ్చిపెట్టేది.

1947 ఆగస్టు 15న మునగాల పరగణా మద్రాసు రాష్ట్రంతో పాటు స్వతంత్ర భారతంలోకి వెళ్లింది. చుట్టూ ఉన్న నిజాం ఊళ్లు వెళ్లలేదు. ఆ రోజు హైదరాబాదులో స్వామి రామానంద తీర్థ జెండా ఎగరేసి అరెస్టయ్యారు. స్టేట్ కాంగ్రెస్ సరిహద్దు వెంబడి శిబిరాలు నడిపింది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం బెజవాడ వైపు నుంచి కదిలి ఉదయం ఎనిమిదిన్నరకల్లా కోదాడ చేరింది. మధ్యాహ్నానికి మునగాల దాకా వచ్చింది. మరునాడు సూర్యాపేట. వెనక్కి తగ్గుతూ నిజాం బలగాలు మూసీ వంతెన పేల్చేశాయి. రహదారి వెంట ఉన్న నిజాం ఊళ్లలో త్రివర్ణ పతాకం బహిరంగంగా ఎగరడం ఆ వారంలోనే సాధ్యమైంది. అయితే ఆ సైన్యం పట్టుకొచ్చింది వెంకయ్య గీయించిన రాట్నం జెండా కాదు. అప్పటికే అది ఇంకోసారి మారింది.

ఆ మార్పు 1947 జూన్, జూలైలలో జరిగింది. రాజ్యాంగ సభ జూన్ 23న రాజేంద్రప్రసాద్ అధ్యక్షతన ఒక జెండా కమిటీ వేసింది. ఆజాద్, రాజాజీ, సరోజినీ నాయుడు, మున్షీ, అంబేడ్కర్ అందులో ఉన్నారు. ఒక పార్టీ జెండా దేశం మొత్తానిది కావాలంటే ఎవరికీ పరాయిగా అనిపించకూడదు. మూడు రంగులూ అలాగే ఉంచి రాట్నం బదులు సారనాథ్ అశోక స్తంభం మీది ధర్మచక్రం పెట్టాలని నిర్ణయించారు. జూలై 22న ఆ తీర్మానాన్ని ప్రవేశపెడుతూ నెహ్రూ చెప్పిన కారణాల్లో ఒకటి పూర్తిగా చేతిపనికి సంబంధించినది. జెండాను ముందు నుంచి చూసినా వెనక నుంచి చూసినా గుర్తు ఒకేలా కనబడాలి. రాట్నానికి చక్రం ఒక పక్క, కదురు ఇంకో పక్క. గుడ్డ వెనక్కి తిప్పితే చక్రం, కదురు అటూ ఇటూ మారి కనబడతాయి, మారకుండా గీస్తే కర్ర వైపు ఉండాల్సిన చక్రం బయటి అంచు వైపుకు పోతుంది. చక్రం ఒక్కటే ఉంటే ఆ తకరారు లేదు. రాట్నంలో ముఖ్యమైన భాగమూ చక్రమే కదా అన్నది ఆయన సమాధానం. చక్రానికి 24 ఆకులు, ముదురు నీలం రంగు, వ్యాసం దాదాపు తెల్లచార వెడల్పంత. ఆగస్టు 14 రాత్రి దేశ మహిళల తరఫున హంసా మెహతా ఆ జెండాను సభకు అందించింది.

గాంధీకి ఈ మార్పు నచ్చలేదు. రాట్నం లేని జెండాకు వందనం చేయలేనన్నంత మాట రాశారు. మూడు గంటల్లో తయారైన బొమ్మ మీద ఆయనకున్న మమకారం అది. లేదా జెండా గుడ్డ ఖద్దరే కావాలన్న పాత షరతు మర్చిపోలేకపోవడం. రాట్నం పోయినా ఖద్దరు షరతు మాత్రం చాలాకాలం చట్టంలో నిలిచింది.

చక్రం పెట్టిన తుది నమూనా ఎవరిదన్న దాని మీద కూడా వివాదముంది. అప్పట్లో ఐ.సి.ఎస్. అధికారిగా ఉన్న బద్రుద్దీన్ తయబ్జీ, ఆయన భార్య సురయ్యా ఆ నమూనా తయారుచేశారని వాళ్ల కుటుంబం చెబుతుంది. వెంకయ్యను జాతీయ పతాక రూపకర్త అనడం తెలుగువాళ్లకు అలవాటు. ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేయాల్సిన పని లేదు. 1921 జెండాకు మూలం వెంకయ్య ప్రయత్నం. దానికి రాట్నం హంసరాజ్‌ది, తెలుపు గాంధీది. వరుస, వ్యాఖ్యానం మార్చింది 1931 తీర్మానం. చక్రం 1947ది. ఏ ఒక్కదాన్ని తీసేసినా ఇప్పుడున్న జెండా రాదు.

దేశం చక్రాన్ని తీసుకుంటే కాంగ్రెస్ పార్టీ రాట్నాన్నే అట్టిపెట్టుకుంది. ఆ పార్టీ జెండా నేటికీ 1931 నాటి మూడు రంగులతో, మధ్య రాట్నంతోనే ఉంది. ఎన్నికల గుర్తులు కాడెద్దుల నుంచి ఆవు-దూడకు, అక్కడి నుంచి హస్తానికి మారాయి గానీ జెండా మారలేదు. వెంకయ్య 1963 జూలై 4న విజయవాడలో చనిపోయారు. 2009లో ఆయన పేరు మీద తపాలా బిళ్ల విడుదలైంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మునగాల పరగణా కృష్ణా జిల్లా నుంచి నల్గొండ జిల్లాలో కలిసింది. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు నడిగూడెం, మునగాల, కోదాడ మూడూ ఒకే జిల్లా కిందికి వచ్చాయి.